హీబ్రూ గ్రంథములలో జ్యేష్ఠ పుత్రుడు – మన పంపకములు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



అన్నదమ్ముల పంపకములు మనకు క్రొత్త కాదు. చిక్కపేట, బళేపేట, తరగుపేటలలో మూడు నాలుగు తరములుగా వ్యాపారము చేయుచున్న మన కుటుంబములలో, తండ్రి గతించిన యేడాది తిరుగక మునుపే అంగడి యెవరిదను ప్రశ్న పుట్టుచున్నది. ఇట్టి తగవులలో పెద్దలతో పాటు మేమును కూర్చుండుట తటస్థించినందున, జ్యేష్ఠత్వమన నేమి, దాని విలువ యెంత యను విచారము మాకు చాలకాలముగా నున్నది. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి గల్లాపెట్టె యొద్ద కూర్చున్న మాకు హీబ్రూ భాష రాదు. కాని మన సంఘములోని క్రైస్తవ సోదరుల ప్రోత్సాహముతో తెలుగు బైబిలులోని పాత నిబంధనను చదివితిమి. అన్నదమ్ముల సంగతి అందులో ఉన్నంత విపులముగా మరియొక మతగ్రంథములో నున్నదో లేదో సందేహమే.

ఆ గ్రంథములలో శాసనమొక దారిని, కథలు వేరొక దారిని నడచుచున్నవి. ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయమున ఒక శాసనము కలదు. ఒకనికి ఇద్దరు భార్యలున్నారు. ఒకతె ప్రియురాలు, రెండవది కాదు. ప్రియము లేని దానికి పుట్టినవాడే జ్యేష్ఠుడైనచో, వానిని త్రోసి ప్రియురాలి కొడుకును జ్యేష్ఠునిగా చేయుటకు తండ్రికి అధికారము లేదు. జ్యేష్ఠునికి రెండు పాళ్లు ఈయవలసినదే. ముగ్గురు కొడుకులకు పండ్రెండు లక్షల ఆస్తి యున్నచో, దానిని నాలుగు భాగములు చేసి, పెద్దవానికి ఆరు లక్షలు, తక్కిన యిద్దరికి మూడేసి లక్షలు అన్నమాట. లెక్క స్పష్టముగా నున్నది.

ఇక కథలు చూడుడు. ఇష్మాయేలు పెద్దవాడు, వాగ్దానము ఇస్సాకునకు. ఏశావు పెద్దవాడు, దీవెన యాకోబునకు. అహరోను మోషే కంటె మూడేండ్లు పెద్ద, నాయకత్వము మోషేది. యెష్షయి కుమారులలో పెద్దవాడైన ఏలీయాబును చూచి ఇతడే రాజని ప్రవక్తయైన సమూయేలు తలపోసెను. ఏడుగురు ముందు నడచిపోయిన పిదప, గొఱ్ఱెలు కాయుచున్న ఎనిమిదవవాని పిలిపింపవలసి వచ్చెను. అతడే దావీదు.

వీరందరిలో యాకోబు చరిత్ర మనబోటి వ్యాపారస్థులు రెండు మారులు చదువదగినది. ఆకలిగొని వచ్చిన అన్నవద్ద నుండి ఒక్కపూట వంటకమునకు జ్యేష్ఠత్వమును కొనివేసినాడు. తెలుగు బైబిలు దానిని చిక్కుడుకాయల వంటకమనుచున్నది. చలికాలమున మన బెంగుళూరు బజారులో అవరెకాయల వాసనకు ఆగిపోవువారికి ఏశావుపై కొంత జాలి కలుగకపోదు! మూలమున నున్నది మసూరుపప్పు వంటి ఎఱ్ఱని పప్పని పండితులందురు. పప్పుల వ్యాపారిగా మేము చెప్పునది యేమనగా, ఆకలిగొన్నవానితో చేసిన బేరము బేరము కాదు.

తరువాత, చూపు మందగించిన తండ్రిని మోసగించి దీవెన పొందినాడు. అన్నకు వెఱచి మేనమామ లాబాను ఇంటికి పారిపోయినాడు. అచ్చట చిన్నకూతురు రాహేలును కోరగా, తెల్లవారి చూచునప్పటికి ప్రక్కనున్నది పెద్దకూతురు లేయా! పెద్దదానికి ముందు చిన్నదాని నిచ్చుట తమ దేశాచారము కాదని మామ సమాధానము. తమ్ముడై పుట్టి పెద్దతనమును దొంగిలించినవానికి ఇంతకంటె తగిన జవాబు దొరకదు. ఆ మామ యింట నిరువది యేండ్లు చాకిరి చేసి, భయపడుచు తిరిగివచ్చినప్పుడు, ఏశావు పరుగున ఎదురువచ్చి కౌగలించుకొని యేడ్చెను. తెచ్చిన కానుకలు తనకక్కరలేదు, తనకు కావలసినంత కలదు అనెను. ఆ ఘట్టమున పెద్దరికమెవరిదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇద్దరు భార్యలు, అందొకతె ప్రియురాలు: శాసనము వర్ణించిన గృహయజమాని సాక్షాత్తు యాకోబే. లేయా కొడుకు రూబేను జ్యేష్ఠుడు. అతడు తండ్రి ఉపపత్ని యెడల దోషము చేసినందున జ్యేష్ఠత్వము పోయి, రాహేలు కొడుకు యోసేపు సంతతికి రెండు పాళ్లు దక్కెను. కారణము వ్రాయబడియే యున్నది. అయినను, విచిత్రమైన అంగీ కుట్టించి యోసేపును మురిపించిన నాడే ఆ యింట నిప్పు రాజుకొనెనని మా యభిప్రాయము. అన్నలు వానిని ఇరువది వెండి నాణెములకు అమ్మిరి. దేవుడు ఎల్లప్పుడును చిన్నవారి పక్షమని కొందరు వ్యాఖ్యానింతురు. మాకట్లు తోచలేదు. ఏశావు రోదనమును ఆ గ్రంథము దాచలేదు గదా.

మన పురాణములందును ఇట్టివి కలవు. యయాతి తన ముసలితనమును స్వీకరించిన కడగొట్టువాడైన పూరునకు రాజ్యమీయబోగా, పెద్దవాడైన యదువుండగా ఇదెట్లని ప్రజలు నిలదీసిరి. ఇక నడిమివాని గతి శునశ్శేపుని కథలో నున్నది. పెద్దవానిని తండ్రి విడువడు, చిన్నవానిని తల్లి విడువదు. నూరు ఆవులకు నడిమివాడు అమ్ముడుపోయెను. నడిమివారి మొర ఆలకించువారు ఏ దేశమందును తక్కువే.

మనుస్మృతి జ్యేష్ఠునకు ఇరువదింట నొక వంతు అధికముగా నీయుమన్నది. అయితే ఇట్టి అసమ విభాగము శాస్త్రమున నున్నను లోకమునకు సమ్మతము కాదు గనుక ఆచరింపరాదని మితాక్షరలో విజ్ఞానేశ్వరుడు త్రోసిపుచ్చెను. ఆయన చాళుక్యుల కల్యాణమున నుండినవాడు. అది నేటి మన కర్ణాటకములోని బసవకల్యాణము. 13వ శతాబ్దిలో కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు చేసెను. కావున సమభాగము మనకు ఇంగ్లీషువారు నేర్పినది కాదు. జ్యేష్ఠునకే సర్వమును దక్కు ఆచారము కొన్ని జమీందారీలలో మాత్రము నిలిచి, 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టముతో వాని వైభవము ముగిసెను. ఉమ్మడి ఆస్తిలో పుత్రికలకును 2005 నుండి పుత్రులతో సమానమైన హక్కు కలదు. కర్ణాటకమున 1994లోనే అవివాహితలకు లభించెను. జ్యేష్ఠురాలైన పుత్రిక ఉమ్మడి కుటుంబమునకు కర్త కావచ్చునని 2015లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పెను.

మరి మన పెద్దకొడుకునకు మిగిలిన దేమి? అప్పులు, తద్దినములు, చెల్లెండ్ర పెండ్లిండ్లు. రెండు పాళ్లు లేవు గాని, రెండు పాళ్ల బరువు మాత్రమున్నది. ఇటీవల మేము కూర్చున్న యొక పంపకములో అన్న పదునారవ యేట చదువు మాని అంగడి చేపట్టినవాడు. ఆ అంగడి రాబడితో ఇంజనీరై తమ్ముడు అమెరికాలో నున్నాడు. చట్టము ప్రకారము తలకొక భాగము. తమ్ముని లాయరు నోటీసు చదివి అన్న నోట మాట రాలేదు. జ్యేష్ఠభాగమును మరల తెచ్చుట మాకు సమ్మతము కాదు. పాత ఖాతాలు తెప్పించి, అన్న పనిచేసిన ప్రతి సంవత్సరమునకును ఒక గుమాస్తా జీతము, వడ్డీ లేకుండ, ముందుగా తీసివేసి, మిగిలినదానిని సమముగా పంచుడని సూచించితిమి. తండ్రి జీవించి యుండగానే ఇట్లు జీతము ఖాతాలో వ్రాయుచుండుట మేలని మన వర్తకులందరిని కోరుచున్నాము.

తమ్ముడు ఫోనులోనే సమ్మతించెను. చెల్లెలు మాత్రము, అమ్మ మంచము పట్టిన తొమ్మిదేండ్లు తాను పెండ్లి మాట తలపెట్టక చేసిన చాకిరి ఏ ఖాతాలో వ్రాసినారని అడిగెను. అందరము ఒకరి ముఖమొకరు చూచుకొంటిమి. ఆ యింటి పంపకము ఇంకను ముగియలేదు.