ఆంగ్ల నుడికారం – తెలుగు విద్యార్థి
(ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా జరిగిన విద్యార్థి సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదేండ్లుగా ఈ బరంపురంలో తెలుగు దీపాన్ని కొండెక్కనీయకుండా కాపాడుతున్న విద్యాలయం మనది. ఇటువంటి శుభవేళ తెలుగు భాషావైభవాన్ని గురించి ప్రసంగించడం ఆనవాయితీ. అయితే ఉత్సవ సంఘంవారు నాకప్పగించిన విషయం వేరు. ఆంగ్లంలోని జాతీయాలను, సామెతలను, పలుకుబడులను తెలుగు మాధ్యమంలో చదివే విద్యార్థి ఏవిధంగా అలవరచుకోవాలో చెప్పుమన్నారు. ఆలోచించినకొద్దీ ఈ రెండు విషయాలకూ మధ్య గోడ లేదని నాకు తోచింది. ఆ మాటనే నేడు మీ ముందుంచదలచాను.

మన ఊరి తల్లిదండ్రులలో ఒక భయం ఉన్నది. "అయ్యా, తెలుగులో చదివితే పిల్లవాడికి ఇంగ్లీషు పట్టుబడదు కదా" అంటారు. ఆ భయంతోనే పిల్లలను వేరొక బడికి మార్చుతారు. వారిని నిందించడం నా ఉద్దేశం కాదు. ఇంట తెలుగు, వీధిలో ఒడియా, రైలెక్కితే హిందీ, ఉద్యోగానికి ఇంగ్లీషు – ఇన్ని భాషల నడుమ బిడ్డ ఎక్కడ వెనుకబడిపోతాడోనన్న ఆరాటం కన్నవారికి సహజం. కాని ఆ భయానికి మూలం ఎక్కడున్నదో పరిశీలించాలి. వ్యాకరణం మన పిల్లలకు రాక కాదు. వాక్యంలోని ప్రతి పదమూ తెలిసి ఉండి, వాక్యం అర్థం కాకపోవడమే వారిని బెదరగొట్టుతున్నది.

ఒక ఉదాహరణ చెప్పెదను. చదువులో చురుకైన ఒక యువకుడు ఒక కర్మాగారంలో కొలువుకు కుదిరాడు. పై అధికారి అతనిని పిలిచి సాయంకాలపు సమావేశాన్ని 'కాల్ ఆఫ్' చేయమన్నాడు. 'కాల్' అంటే పిలుచుట అని మూడవ తరగతిలోనే నేర్చినవాడు కదా! అందరికీ పేరుపేరునా కబురంపి రమ్మన్నాడు. సమావేశం రద్దుచేయమన్నది అధికారి మాట. ఆ రోజు ఆ గదిలో నవ్వులు పూచాయి గాని, ఆ యువకుడు ఆపైన కొన్నాళ్ళు నోరు విప్పడానికే జంకాడు. 'కాల్' తెలుసు, 'ఆఫ్' తెలుసు. రెండూ కలిస్తే పుట్టిన మూడవ అర్థం తెలియదు. ఈ మూడవ అర్థమే నుడికారం.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. శామ్యూల్ జాన్సన్ మహాశయుడు 1755లో ప్రకటించిన తన ఆంగ్ల నిఘంటువు పీఠికలోనే, క్రియకు చిన్న అవ్యయం చేర్చి కొత్త అర్థం పుట్టించే పద్ధతి విదేశీయులకు మిక్కిలి కష్టం కలిగిస్తున్నదని గుర్తించి, అటువంటి ప్రయోగాలను శ్రద్ధగా సేకరించినట్లు చెప్పుకొన్నాడు. వీటికే తరువాతి కాలంలో 'ఫ్రేజల్ వెర్బ్స్' అన్న పేరు స్థిరపడింది. లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో వెలువరించిన 'వర్డ్స్ అండ్ ఇడియమ్స్' అన్న గ్రంథంలో ఆ పేరును వాడి, దానిని సూచించినవాడు హెన్రీ బ్రాడ్లీ అని చెప్పాడు.

ఇక మనవైపు తిరిగి చూడండి. 'పెట్టు' అన్న తెలుగు క్రియను తీసుకోండి. అన్నం పెట్టుట, పేరు పెట్టుట, ముహూర్తం పెట్టుట, తాకట్టు పెట్టుట, మొర పెట్టుట, కంటతడి పెట్టుట, తంటాలు పెట్టుట – వీటిలో వస్తువును ఒక చోట ఉంచడమన్న అర్థం ఎన్నింటిలో మిగిలింది? తెలుగు నేర్వవచ్చిన ఒక ఆంగ్లేయునికి ఇవి ఎంతటి చిక్కుముడులో ఊహించండి. మీకు మాత్రం తల్లి ఒడిలోనే వచ్చేశాయి. ఆంగ్లంలో 'పుట్' అన్న క్రియ ఇదే పని చేస్తుంది. 'పుట్ ఆఫ్' అంటే వాయిదా వేయుట. 'పుట్ అవుట్' అంటే మంట లేక దీపం ఆర్పుట. 'పుట్ ఆన్' అంటే ధరించుట. 'పుట్ అప్ విత్' అంటే ఓర్చుకొనుట. 'పెట్టు'కు లొంగినవారికి 'పుట్' లొంగకపోదు.

మరొక రహస్యం చెప్పెదను. 'తిను' వేరు, 'తినివేయు' వేరు. 'ఎండు' వేరు, 'ఎండిపోవు' వేరు. పని పూర్తి అయినదని చెప్పడానికి మనం 'వేయు', 'పోవు' అన్న సహాయక్రియలను తోకగా తగిలిస్తాము. ఆంగ్లేయుడు అందుకు అనేక చోట్ల 'అప్' అన్న అవ్యయాన్ని తగిలిస్తాడు. 'ఈట్ అప్' – తినివేయు. 'యూజ్ అప్' – వాడివేయు. 'డ్రై అప్' – ఎండిపోవు. ఇక్కడ 'అప్'కు పైకి అన్న అర్థం వెదకితే దొరకదు. పూర్తిగా అన్న అర్థం వెదకండి, దొరుకుతుంది. అట్లే 'ఆఫ్'లో ఎడబాటు లేక విడుపు కనిపిస్తుంది: 'సెట్ ఆఫ్' అంటే ఉన్న చోటు విడిచి బయలుదేరుట, 'టేక్ ఆఫ్' అంటే తొడిగినది విడుచుట, విమానమైతే నేలను విడుచుట. అన్నింటికీ ఈ సూత్రం పట్టదు. పట్టినంత మేరకు జ్ఞాపకానికి ఊతమిస్తుంది.

స్థానాన్ని గురించి ఒక్క హెచ్చరిక. సర్వనామం వచ్చినప్పుడు 'పుట్ ఇట్ ఆఫ్' అనాలి, 'పుట్ ఆఫ్ ఇట్' అనరాదు. కాని 'లుక్ ఆఫ్టర్ ఇట్' అనాలి, 'లుక్ ఇట్ ఆఫ్టర్' అనరాదు. కనుక ఏ పలుకుబడినైనా ఒంటిగా గాక, వాక్యంతో సహా నేర్వాలి.

జాతీయాల సంగతి మరింత రమ్యమైనది. ఒక జాతి బ్రతుకు ఎక్కడ గడిచిందో దాని జాతీయాలు చెబుతాయి. ఆంగ్లేయులు సముద్రం మీద బ్రతికిన జాతి. ఉలిక్కిపడి నిలిచిపోయినవానిని 'టేకెన్ అబ్యాక్' అంటారు. గాలి ఎదురు తిరిగి తెరచాపలను వెనుకకు నెట్టి ఓడను నిలిపివేసే స్థితి అది. 'బై అండ్ లార్జ్' అన్నదీ ఓడ నడిపేవారి మాటే. పనిలో మెలకువలు తెలిసినవాడు 'నోస్ ద రోప్స్' – ఓడ త్రాళ్ళన్నీ ఎరిగినవాడు. క్రికెట్ మైదానం నుండి వచ్చినవీ ఉన్నాయి: ఒకరు చెప్పకుండా తనంత తాను పూనుకొనడం 'ఆఫ్ వన్స్ ఓన్ బ్యాట్'. చరిత్ర నుండి వచ్చినవి కొన్ని: క్రీస్తుపూర్వం 49లో సీజర్ దాటిన రూబికన్ నది, 1815లో నెపోలియన్ ఓడిన వాటర్లూ. బైబిలు నుండి వచ్చినవి మరికొన్ని: రానున్న వినాశనానికి సూచన 'రైటింగ్ ఆన్ ద వాల్'. మన జాతీయాలకు పుట్టినిండ్లు పురాణేతిహాసాలు, పొలాలు, వంటయిండ్లు: భగీరథ ప్రయత్నం, త్రిశంకు స్వర్గం, కుంభకర్ణ నిద్ర, నూతిలో కప్ప. భగీరథుని కథ తెలియని వానికి మన జాతీయం ఎట్లా మూగదో, ఓడ కథ తెలియని వానికి వారి జాతీయం అట్లే మూగది. కథ తెలిస్తే మరి మరపు రాదు.

సామెతలను ప్రక్కప్రక్కన పెట్టి చూడటం నాకు ఎంతో ఇష్టమైన వినోదం. కెప్టెన్ కార్ అనే ఆంగ్లేయుడు మన సామెతలను సేకరించి ఆంగ్లానువాదంతో 1868లో మద్రాసులో అచ్చువేయించాడు. వారు మన సామెతల కోసం అంత శ్రమపడగా, మనం వారి సామెతలను మన సామెతలతో పోల్చి చూసుకొనుటకు జంకనేల? 'పెనం మీదనుండి పొయ్యిలో పడ్డట్లు' అన్నది రెండు భాషలలోనూ దాదాపు ఒక్కటే. ఎండ అరుదైన దేశంలో వారు ఎండ కాయుచుండగానే గడ్డి ఎండబెట్టుకొమ్మన్నారు. మనం దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకొమ్మన్నాము. వారు అవ్వకు గ్రుడ్డు పీల్చడం నేర్పవద్దన్నారు. మనం తాతకు దగ్గులు నేర్పవద్దన్నాము. చేతకాని పనివాడు పనిముట్లను నిందిస్తాడని వారు. ఆడలేక మద్దెల ఓడన్నాడని మనం. ఒట్టి పాత్రలే ఎక్కువ మ్రోగుతాయని వారు లోటును చూపగా, నిండుకుండ తొణకదని మనం నిండుదనాన్ని చూపాము. సత్యం ఒక్కటే, చూసిన వైపు వేరు. 'నిండుకుండ' మనసులో లేని బిడ్డకు వారి ఒట్టి పాత్ర కంఠపాఠం మాత్రమే అవుతుంది. ఉన్నవానికి అది చుట్టమై పలకరిస్తుంది.

ఇక వాడుకలో మెలకువ. మాటకు అర్థం తెలిస్తే చాలదు, మర్యాద తెలియాలి. మరణాన్ని చెప్పడానికి మనకు పరమపదించుట, కాలధర్మం చెందుట, కన్నుమూయుట ఉన్నాయి. గుటుక్కుమనుట కూడా ఉన్నది. నాలుగింటినీ ఒకే చోట వాడుతామా? ఆంగ్లంలో 'కిక్ ద బకెట్' గుటుక్కుమనడం వంటిది. 'బాల్చీ తన్నేశాడు' అని మనవారు దానిని వేళాకోళంగా తెలుగు కూడా చేసుకొన్నారు. సెలవు చీటీలో తాతగారిని గురించి ఆ మాట వ్రాస్తే ఏమగునో చెప్పనక్కరలేదు. 'స్లాంగ్' అనబడే వీధి పలుకు వింటే అర్థమయ్యేటంత నేర్వండి, వాడటంలో తొందరపడకండి. అది త్వరగా పాతబడుతుంది, చోటు మారితే ఎబ్బెట్టవుతుంది. మన పాఠ్యపుస్తకాలు తరతరాలుగా నేర్పిన 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' సైతం నేడు ఆంగ్లేయుల నోట అంతగా వినబడదు.

తత్సమానికీ తేటతెలుగుకూ గల భేదం ఎరిగిన విద్యార్థికి ఇది కష్టం కాదు. 'సహించు' అనడానికీ 'ఓర్చుకొను' అనడానికీ ఉన్న తేడాయే 'టాలరేట్'కూ 'పుట్ అప్ విత్'కూ ఉన్నది. లాటిన్ నుండి వచ్చిన మాట అర్జీలో ఒదుగుతుంది. ఇంటి మాట సంభాషణలో ఒదుగుతుంది. మన పిల్లలు పుస్తకపు మాటలతోనే సంభాషిస్తున్నారు కనుక వారి ఇంగ్లీషు బిగుసుకొనిపోయినట్లుంటుంది.

మన దేశంలో పుట్టిన ఆంగ్ల ప్రయోగాలనూ గుర్తెరగాలి. 'పాస్డ్ అవుట్' అంటే మనకు చదువు ముగించుకొని వెలువడుట. ఇంగ్లండులో సాధారణంగా స్పృహ తప్పుట. 'ప్రీపోన్' మన దేశంలో వాడుకకెక్కి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో చోటు సంపాదించింది. 'కోప్ అప్ విత్', 'డిస్కస్ అబౌట్' మాత్రం దిద్దుకోదగినవి; 'కోప్ విత్', 'డిస్కస్' చాలును. అంతమాత్రాన ఆంగ్లం మనకు ఇవ్వడమే గాని మననుండి పుచ్చుకోలేదనుకోవద్దు. వారి 'బాండికూట్' మన పందికొక్కే!

ఇక్కడ ఒక మహనీయుని స్మరించడం మన విధి. మనకు పొరుగుననే ఉన్న పర్లాకిమిడిలో గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయులుగా పనిచేశారు. 1907 ప్రాంతాన జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయ పాఠశాలల పరీక్షాధికారికి ఒక సందేహం కలిగింది: తెలుగువారి పుస్తకాల భాష ఒకటి, నోటి భాష మరొకటి ఎందుకున్నది? ఆ ప్రశ్న పంతులుగారిని కదిలించింది. జీవద్భాషనే బోధించాలన్న వ్యావహారిక భాషోద్యమానికి అది నాంది. ఆయనే సవరల భాషను వారి నోటినుండి నేర్చి, 1931లో దానికి ఆంగ్లంలో వ్యాకరణ గ్రంథం వెలువరించారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరినప్పుడు తెలుగు కోసం ఆ ఊరినే విడిచివెళ్ళారు. తెలుగును ప్రాణంగా ప్రేమించిన ఆయనకు ఆంగ్లం శత్రువు కాలేదు. వాడుకలోని భాషను చెవితో విని నేర్వాలన్న ఆయన మార్గమే నేటి మన ప్రశ్నకు సమాధానం.

కనుక విద్యార్థులారా, ఆచరణకు నాలుగు మాటలు. మొదటిది: వందల జాతీయాల పట్టికలను బట్టీ పట్టకండి. దినానికి రెండు చాలును. రెండవది: ఒక నోటు పుస్తకంలో మూడు గీతలు గీసి, మొదటి గడిలో విన్న వాక్యం, రెండవ గడిలో దానికి సరితూగే తెలుగు నుడికారం, మూడవ గడిలో ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారో వ్రాయండి. రెండవ గడి నింపలేకపోతే ఇంట అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి. ఇంగ్లీషు పాఠానికి అమ్మమ్మ గురువు కావడంలోని సొగసు అనుభవిస్తే గాని తెలియదు. మూడవది: క్రికెట్ వ్యాఖ్యానాలు, వార్తలు చెవి పెట్టి వినండి. నాల్గవది: పరభాషీయుల కోసం కూర్చిన నిఘంటువును చేరదీయండి. జపానులో ఆంగ్లం బోధిస్తూ ఎ.ఎస్. హార్న్‌బీ 1942లో అచ్చట వెలువరించిన నిఘంటువే 1948లో ఆక్స్‌ఫర్డ్ వారి ప్రచురణగా లోకమంతటా వ్యాపించింది. అది మొదటినుండీ మనవంటి వారికోసం పుట్టినదే.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఇంట తెలుగు మాని అరకొర ఇంగ్లీషులో బిడ్డతో మాట్లాడితే, వానికి ఇంగ్లీషు నుడికారం అబ్బదు సరికదా, దానిని కొలిచి చూసుకొనే తెలుగు కొలపాత్ర కూడా చేజారిపోతుంది. కథలు చెప్పండి, సామెత వేసి మాట్లాడండి. ఆంగ్లం నేర్పే బాధ్యత మాది; అయితే పునాదిరాయి మీ వాకిట ఉన్నది.

ఉపాధ్యాయ మిత్రులారా, తెలుగు పీరియడుకూ ఇంగ్లీషు పీరియడుకూ నడుమ మ్రోగే గంట కాలాన్ని విభజించడానికే గాని పిల్లవాని మనస్సును విభజించడానికి కాదు. ఇద్దరు ఉపాధ్యాయులూ వారానికొక్కనాడు కలిసి ఒకే తరగతిలో సామెతల పాఠం చెప్పే ఏర్పాటు ఈ జూబిలీ సంవత్సరంలోనే ప్రారంభం కావాలని కోరుచున్నాను.

మన పాఠశాల శతవసంతోత్సవం జరుపుకొనే నాటికి ఇక్కడి పిల్లలు రెండు భాషలలోనూ నిండుకుండలై నిలవాలని ఆకాంక్షిస్తూ సెలవు తీసుకొంటున్నాను.