నమ్మదగిన సాక్షి: పశ్చిమ ప్రకాశం ఉద్యమాలు, మానసిక ఆరోగ్య హక్కులు

సామాజిక న్యాయం కోసం సాగే ఏ పోరాటానికైనా మొదట కావలసింది సాక్ష్యం. బాధపడినవారు తమకు జరిగినదాన్ని చెప్పగలగాలి, విన్నవారు దాన్ని నమ్మాలి. మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలతో కూడిన పశ్చిమ ప్రకాశం ఎరిగిన పోరాటాల పక్కన మానసిక ఆరోగ్య హక్కుల ప్రయత్నాన్ని నిలిపి చూస్తే, వాటి మధ్య తేడా ఈ సాక్ష్యం దగ్గరే బయటపడుతుంది. మానసిక ఆరోగ్య హక్కులంటే వైద్యం అందడం మాత్రమే కాదు. మనోవ్యాధి ఉన్న వ్యక్తి తన చికిత్స, ఆస్తి, వివాహం గురించి వీలైనంతవరకు తానే నిర్ణయించుకునే అధికారం కూడా అందులో భాగమే.

తాగునీటిలో మోతాదు మించిన ఫ్లోరైడ్ వల్ల పళ్లు గారపట్టి, ఎముకలు బిగుసుకుపోయే ఫ్లోరోసిస్ వ్యాధిని దేశంలో తొలిసారిగా 1937లో షార్ట్ బృందం నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లాలోని ఈ దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల్లోనే. వంగిన నడుమును ఎవరూ కాదనలేరు; పైగా నీరు ఊరందరిదీ కనుక సిగ్గు ఏ ఒక్క ఇంటికో అంటుకోలేదు. ఇంత తిరుగులేని సాక్ష్యం ఉన్నా, ఈ మెట్ట ప్రాంతానికి కృష్ణా జలాలు తెచ్చేందుకు తలపెట్టిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో గానీ శంకుస్థాపన జరగలేదు. మార్కాపురం పలకల పరిశ్రమలోని బాలకార్మికులదీ కంటికి కనిపించే బాధే. వారిని లెక్కపెట్టవచ్చు, బడికి పంపవచ్చు. 1987 నాటి జాతీయ బాలకార్మిక విధానం కింద తొలివిడత ప్రాజెక్టుల్లోనే ఆ పరిశ్రమకు చోటు దక్కింది.

సారా వ్యతిరేక ఉద్యమం ఇంతకన్నా చిక్కైన ఉదాహరణ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతుల నుంచి లేచిన ఆ కదలిక 1993 అక్టోబరు 1న సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది; 1997లో నిషేధాన్ని సడలించారు. అంతవరకు ఇంటి గుట్టుగా ఉన్న దెబ్బలను, ఖాళీ అయిన కూలి డబ్బులను స్త్రీలు వీధిలోకి తెచ్చి రాజకీయం చేశారు. మానసిక ఆరోగ్య ఉద్యమం ఇప్పటికీ చేయలేకపోతున్న పని సరిగ్గా అదే. అయితే ఆ కథలో తాగేవాడు దోషిగానే మిగిలాడు. మద్యానికి బానిస కావడం వైద్యశాస్త్రం గుర్తించిన మానసిక రుగ్మత. ఏళ్ల తరబడి తాగినవారు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలగవచ్చు. దుకాణం మూతపడటమే గెలుపైనచోట ఈ సంగతి వెనకబడింది. ఇందుకు ఆ స్త్రీలను తప్పుపట్టడం అన్యాయం. కొట్టినవాడి వైద్యం సంగతి కూడా దెబ్బలు తిన్నవారే చూడాలనడం ఏ ధర్మం?

1994 జూలై 7న ఇదే ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన మాదిగ దండోరా ఉద్యమం, అవమానానికి వాడిన కులం పేరును కార్యకర్తలు తమ పేర్ల చివర గర్వంగా చేర్చుకునేలా చేసింది. మనోవ్యాధి విషయంలో అలాంటి ప్రకటనకు చెల్లించవలసిన మూల్యం వేరు, ఎందుకంటే అది చెప్పినవారితో ఆగక చెల్లెలి పెళ్లి సంబంధం దాకా పోతుంది. చట్టమూ ఈ భయానికి బలమిస్తోంది. కుష్ఠువ్యాధిని విడాకుల కారణాల నుంచి 2019 సవరణ తొలగించింది గానీ, హిందూ వివాహ చట్టంలో మానసిక రుగ్మత మాత్రం నిర్దిష్ట షరతులతో విడాకులకు కారణంగా కొనసాగుతోంది.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి మరొకటి. మిగతా ఉద్యమాల్లో బాధితుని మాటే రుజువు. ఇక్కడ వ్యాధి పేరు చెప్పి ఆ మాటనే కొట్టివేస్తారు, దాంతో ఇంటివారో వైద్యులో అతని తరఫున మాట్లాడతారు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు చెలరేగినప్పుడు గొలుసులతో కట్టివేసిన 28 మంది మనోవ్యాధిగ్రస్తులు మరణించారు. వారు అంతకుముందు ఏం చెప్పి ఉన్నా విన్నవారు లేరు. ఐక్యరాజ్యసమితి వైకల్య హక్కుల ఒడంబడికను భారతదేశం 2007లో ఆమోదించిన తరువాత వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) ఈ మౌనాన్ని సరిదిద్దబోయింది. తనకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కును, తన ప్రతినిధిని తానే ఎంచుకునే హక్కును అది ఇచ్చింది. సారా విషయంలో ఉద్యమం ముందు నడిచి చట్టాన్ని వెంట లాక్కొచ్చింది. ఇక్కడ చట్టమే ముందు వచ్చి, తనను అడిగి తీసుకునే జనం కోసం ఎదురుచూస్తోంది.

రైతు మరణాల్లో ఈ మౌనం మరింత జటిలమవుతుంది. ప్రభుత్వ పరిహారం పొందాలంటే ఆత్మహత్యకు సాగు అప్పులే కారణమని విచారణలో తేలాలి. అటువంటప్పుడు చనిపోయిన మనిషి నెలల తరబడి నిద్రలేక కుమిలిపోయాడనో, తాగుడుకు అలవాటుపడ్డాడనో చెప్పడానికి కుటుంబం జంకుతుంది. అప్పూ కుంగుబాటూ ఒకదానినొకటి పెంచుకునేవే అయినా, కాగితం మీద రెంటిలో ఒకదానినే ఎంచుకోవలసి వస్తుంది.

వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రానిదీ ఇదే తీరు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మనోవ్యాధి ఒకటి. దాని తీవ్రతను స్వీయ సంరక్షణ, ఇతరులతో సంబంధాలు, సంభాషణ, పని అనే నాలుగు అంశాలతోపాటు వ్యాధి కాలాన్నీ లెక్కించి నిర్ణయిస్తారు. ఫ్లోరోసిస్‌తో బిగుసుకున్న మోకాలు తన సంగతి తానే చెప్పుకుంటుంది; స్కిజోఫ్రీనియా ఉన్న వ్యక్తి గురించి చాలావరకు వెంట వచ్చినవారిని అడుగుతారు. అందుకని, స్నానం చేస్తున్నాడా, పనికి పోతున్నాడా అన్న ప్రశ్నలు ముందు ఆ వ్యక్తినే అడిగి, అతని జవాబును అతని మాటల్లోనే పత్రంలో రాసుకోవాలన్నది ఈ ప్రాంతపు వికలాంగుల సంఘాలు, మహిళా సంఘాలు కలిసి అడగదగిన తొలి కోరిక.