పుట నుదుట పేరు
(ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదు సంవత్సరాల పాఠశాల చరిత్రను గ్రంథరూపంలో నిలుపుకొనే ఈ వేళ, ఆ గ్రంథాన్ని పాఠకులు ఏ విధంగా తెరుస్తారో ఆలోచించడం అవసరం. ఇటువంటి సంచికను మొదటి పుట నుండి కడపటి పుట వరకు వరుసగా చదివేవారు అరుదు. పూర్వవిద్యార్థి తన తరగతి ఛాయాచిత్రం కోసం, తల్లి తన బిడ్డ వ్రాసిన వ్యాసం కోసం నడుమనే తెరుస్తారు. అట్లా తెరిచిన పుట ఏ అధ్యాయంలోనిదో, ఏ ప్రకరణంలోనిదో తెలియజేసేది పుట పైభాగాన ఉండే చిన్న పంక్తి. కంప్యూటరు వాడుకలో దాని పేరు హెడర్.

1920లో జి.డి. నాయుడుగారు పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య ఒక్క బస్సుతో రవాణా ప్రారంభించిన చరిత్ర కోయంబత్తూరు తెలుగువారికి సుపరిచితమే. బస్సు నుదుట వ్రాసే ఊరిపేరు బయలుదేరిన చోట ఎక్కేవారి కంటె నడిదారిలో నిలిచినవారికే ఎక్కువ అక్కర. హెడర్ చేసే ఉపకారమూ అట్టిదే.

ఈ అవసరాన్ని మన పూర్వకవులు ఎరుగకపోలేదు. ప్రబంధాలలో ప్రతి ఆశ్వాసాంతాన ఒక గద్య ఉంటుంది. కవి ఎవరో, కావ్యం ఏదో, ముగిసినది ఎన్నవ ఆశ్వాసమో అది ప్రకటిస్తుంది. మధుర నాయకరాజుల కొలువు తెలుగు వచనాన్ని ప్రత్యేకంగా పోషించింది. 1706 నుండి 1732 వరకు పాలించిన విజయరంగ చొక్కనాథుడు స్వయంగా శ్రీరంగ మాహాత్మ్యాన్ని, మాఘ మాహాత్మ్యాన్ని వచనంలో రచించాడు. ఆయన ఆస్థానంలోని సముఖం వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని వచనంగా వ్రాశాడు. తాళపత్రాలపై ఆశ్వాసాంతాన ఒక్కసారి చెప్పినదానిని అచ్చు పుస్తకం ప్రతి పుటలోనూ చెప్పగలిగింది.

సీసపు అక్షరాల కాలంలో ఆ పంక్తిని కంపోజిటరు చేతితో కూర్చేవాడు. నేడు కంప్యూటరులోనూ కొందరు ఒక్కొక్క అధ్యాయానికి ఆ పేరును విడిగా టైపు చేస్తారు. కడపటి ప్రూఫులో వ్యాసం పేరు మారితే పైన పాత పేరే మిగిలిపోతుంది. తప్పు దారి చూపే పలక కంటె పలక లేకపోవడమే మేలు.

దీనికి పరిష్కారం సులభం. అక్షరాలను పెద్దవి చేసి, ముదురు చేసి వదిలితే కంటికి అది శీర్షికే గాని, యంత్రానికి మాత్రం అది సాధారణ వాక్యమే. అధ్యాయం పేరుకు హెడింగ్ 1, ప్రకరణం పేరుకు హెడింగ్ 2 అనే స్టైలును వర్తింపజేయాలి. పిమ్మట మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో హెడర్‌ను తెరిచి, ఫీల్డుల జాబితా నుండి స్టైల్‌రెఫ్ అనేదానిని ఎన్నుకొని, ఆ స్టైలు పేరును చూపాలి. ఆ ఫీల్డు ప్రతి పుటలో ఆ స్టైలుగల మొదటి శీర్షికను వెదకి పైకి తెస్తుంది. ఆ పుటలో శీర్షిక లేకపోతే వెనుకటి పుటలలో దగ్గరగా ఉన్నదానిని గ్రహిస్తుంది. పుటలోని చివరి శీర్షికను కూడా అడిగి తెచ్చుకోవచ్చు. నిఘంటువుల పుటలపై మొదటి మాట, చివరి మాట కనిపించే పద్ధతి ఈ విధంగానే సాధ్యం. ఉచితంగా లభించే లిబ్రెఆఫీస్ రైటర్‌లోనూ ఇటువంటి ఫీల్డు ఉన్నది. సరి పుటలకు, బేసి పుటలకు హెడర్‌ను వేరు చేస్తే ఎడమ పుటపై అధ్యాయం, కుడి పుటపై ప్రకరణం నిలుస్తాయి. విషయసూచిక కూడా ఆ శీర్షికల నుండే సిద్ధమవుతుంది.

తెలుగు లిపికి ప్రత్యేకమైన జాగ్రత్తలు రెండు. ఆంగ్లంలో హెడర్‌ను పెద్ద బడి అక్షరాలతో వేరుపరచవచ్చు. మన లిపిలో ఆ భేదం లేదు కనుక కింద సన్నని గీత ఉంచడం మంచిది. గుడులు పైకి, ఒత్తులు కిందికి సాగుతాయి కనుక అక్షరం మరీ చిన్నదైతే చదవశక్యం కాదు. శీర్షిక పొడవైతే పంక్తి రెండుగా విరుగుతుంది. అందువలన వ్యాసకర్తలు క్లుప్తమైన పేర్లు పెట్టడం శ్రేయస్కరం.

ఇంత చిన్న పంక్తికి ఇంత శ్రద్ధ దేనికని సందేహం కలుగవచ్చు. తమిళనాడులో 2006నాటి చట్టం పిమ్మట బడులలో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమయింది. కోయంబత్తూరు, మధుర ప్రాంతాల ఇండ్లలో తెలుగు మాట్లాడుతూ, తెలుగు అక్షరాలను కూడబలుక్కొని చదివే పిల్లలు ఎందరో ఉన్నారు. నిండు పుటను చూచి వారు వెనుకాడవచ్చు. పైనున్న రెండు మూడు మాటలను మాత్రం చదవగలరు. ఆ మాటలు తాతగారి తరగతినో, అమ్మ చదివిన సంవత్సరాన్నో సూచిస్తే కింది పంక్తికి దిగుతారు. తెలుగు పుస్తకంలోనికి వారిని పిలిచే మొదటి పలుకు అదే కావచ్చు. ఆ పలుకు ప్రతి పుటలోనూ ఉండాలి, నిజమైనదై ఉండాలి.

పాఠశాల శతవసంతాలు జరుపుకొనుగాక! స్వస్తి.