మన జబ్బుల లెక్క మన పిల్లల చేతికి రావాలి

(విద్యార్థుల, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అనంత కరుణామయుడు, అపార కృపాశీలుడు అయిన అల్లాహ్ పేరుతో.



బైపీసీ చదువుతున్న పిల్లలను మన బంధువులు అడిగే ప్రశ్న ఒక్కటే: “డాక్టర్ సీటు వస్తుందా?” వస్తే ఇంట్లో పండుగ, రాకపోతే ఇంటిల్లిపాదికీ దిగులు. సీటు వచ్చినవారికీ, రానివారికీ కూడా తెరిచి ఉన్న మరొక దారి ఉన్నది. అది క్యాన్సర్ పరిశోధన. ముఖ్యంగా, ఆ జబ్బు అందరినీ ఒకే తీరుగా ఎందుకు బాధించదు, కొందరే ఎందుకు ఆలస్యంగా ఆసుపత్రికి చేరతారు అన్న పరిశోధన. ఆ దారిని గురించి చెప్పడానికే నేడు మీ ముందు నిలిచాము.

మేము సేవా కార్యక్రమాలలో భాగంగా రోగులను ఆసుపత్రులకు తోడ్కొని వెళుతుంటాము. ఒకసారి మా పేటలోని ఒక వృద్ధురాలిని తీసుకువెళ్ళాము. రొమ్ములో గడ్డను ఆమె ఎనిమిది నెలలు దాచింది. పరీక్షించేది మగ డాక్టరేమోనన్న బిడియం, కొడుకు కూలి డబ్బులు ఖర్చవుతాయన్న జంకు. అప్పటికే జబ్బు ముదిరింది. డిగ్రీ చదువుతున్న ఆమె మనుమరాలు తిరుగు ప్రయాణంలో మమ్మల్ని అడిగింది: “చాచా, మా దాదీలాగా దాచుకున్నవాళ్ళు మన బస్తీలో ఎంతమంది ఉంటారు?” మేము సమాధానం చెప్పలేకపోయాము. మా బస్తీలో ఆ లెక్క ఎవరూ తీయలేదు. సోదరులారా, ఆ అమ్మాయి అడిగినదే పరిశోధన ప్రశ్న.

లెక్క తీస్తే ఏమవుతుందో చూడండి. 1963లో బొంబాయిలో క్యాన్సర్ రిజిస్ట్రీ మొదలైంది. నగరంలో ఎవరికి, ఏ వయసులో, ఏ అవయవానికి క్యాన్సర్ వచ్చిందో నమోదు చేయడం దాని పని. మతాలవారీగా కూడా అది వివరాలు ప్రచురించింది. పార్సీ స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా ఉన్నదని అలా తెలిసింది. లెక్క ఉన్నది గనుకనే “ఎందుకు?” అన్న ప్రశ్న పుట్టింది. తరువాత భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 1981లో జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమాన్ని ప్రారంభించింది. నేడు హైదరాబాదులో కూడా రిజిస్ట్రీ ఉన్నది.

లెక్క తరువాత పని. 1998లో ముంబైలోని టాటా మెమోరియల్ పరిశోధకులు మురికివాడల్లోని సుమారు లక్షన్నర మంది స్త్రీలతో ఒక అధ్యయనం ఆరంభించారు. పదో తరగతి చదివిన మహిళలకు కొద్ది వారాల శిక్షణ ఇచ్చి, పలుచని వెనిగర్ ద్రావణంతో గర్భాశయ ముఖద్వారాన్ని కంటితో పరీక్షించడం నేర్పారు. అలా పరీక్షలు జరిగిన వర్గంలో ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తక్కువగా ఉన్నట్లు తేలింది. ఖరీదైన యంత్రాలు లేవు. ఇంటి గడప దాటి లోపలికి వెళ్ళగల స్త్రీలు ఉన్నారు, అంతే. మన పేటలలో మన ఆడపిల్లలకంటే సులభంగా ఆ గడప దాటగలవారెవరు?

మరొక పక్షం కూడా చెప్పాలి. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో వేలమంది బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసే అధ్యయనం జరిగింది. వసతిగృహాలలోని గిరిజన బాలికల విషయంలో తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు అనుమతి పత్రాలపై సంతకాలు చేశారు. 2010లో ప్రభుత్వం దానిని నిలిపివేసింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ తీరును తీవ్రంగా తప్పుపట్టింది. టీకా చెడ్డదని ఎవరూ అపార్థం చేసుకోవద్దు; అది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన టీకా. తప్పు అనుమతి అడిగిన పద్ధతిలో ఉన్నది. పేదవారి గడపకు పరిశోధన వచ్చినప్పుడు, వారి భాషలో వివరించి, వారి మాట విని, “వద్దు” అంటే గౌరవించే పరిశోధకులు కావాలి. అటువంటివారు మన ఇళ్ళనుంచి కూడా రావాలి.

ఇక అవకాశాల సంగతి. దయచేసి రాసుకోండి.

ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థులకు ఐసీఎంఆర్ 1979 నుండి స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ ఇస్తున్నది. తమ కళాశాలలోని ఒక అధ్యాపకుని మార్గదర్శకత్వంలో ఒక ప్రశ్న ఎంచుకొని, ప్రతిపాదన పంపాలి. ఎంపికైతే రెండు నెలలు పని చేసి నివేదిక సమర్పించాలి. నివేదిక ఆమోదం పొందితే స్టైపెండ్, సర్టిఫికెట్ లభిస్తాయి. 2007 నుండి అమలవుతున్న బీసీ-ఈ రిజర్వేషన్ వల్ల వైద్య కళాశాలల్లో చేరిన మన పిల్లలు ఎందరో ఉన్నారు. వారిలో ఎందరు దీనికి దరఖాస్తు చేస్తున్నారు?

సైన్సు విద్యార్థులకు బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు జాతీయ విజ్ఞాన అకాడమీలు కలిసి వేసవి పరిశోధన ఫెలోషిప్ ఇస్తాయి. రెండు నెలలు శాస్త్రవేత్త వద్ద ప్రయోగశాలలో పని. వేసవిది కదా అని వేసవిలో వెతికితే లాభం లేదు. దరఖాస్తుల గడువు వేసవికి చాలా ముందే ముగుస్తుంది.

ఎమ్మెస్సీ తరువాత సీఎస్ఐఆర్, ఐసీఎంఆర్, డీబీటీ జేఆర్ఎఫ్ పరీక్షలు ఉన్నాయి. 2023 జనవరి నుండి జేఆర్ఎఫ్ నెలకు రూ.37,000. ఆ ఫెలోషిప్‌తో హైదరాబాదులోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, జాతీయ పోషకాహార సంస్థ వంటి చోట్ల, నవీ ముంబైలో టాటా మెమోరియల్ వారి పరిశోధన కేంద్రమైన ఆక్ట్రెక్‌లో పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు.

సామాజిక శాస్త్రాలు, గణాంకాలు, నర్సింగ్ చదివినవారు నిరాశ పడవద్దు. అసమానతల పరిశోధనకు మైక్రోస్కోపు ఎంత అవసరమో ఇంటింటి సర్వే అంత అవసరం. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, హైదరాబాదులోని భారత ప్రజారోగ్య సంస్థ, ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ప్రజారోగ్యంలో పీజీ కోర్సులు నడుపుతున్నాయి. అవి వైద్యులకు మాత్రమే పరిమితం కాదు. విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చేయదలచిన తెలంగాణ మైనారిటీ విద్యార్థులకు రూ.20 లక్షల వరకు సహాయం చేసే ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం ఉన్నది.

ఒక తలుపు మూసుకుపోయిన మాట కూడా చెప్పాలి. మైనారిటీ పరిశోధక విద్యార్థులకోసం 2009లో ప్రారంభమైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేస్తున్నట్లు కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ప్రకటించింది. దానిని పునరుద్ధరించాలని అడగడం మన హక్కు, అడుగుతూనే ఉండాలి. అయితే ఆ తలుపు తెరుచుకునేదాకా మిగిలిన తలుపులు తట్టకుండా కూర్చోవడం మన పిల్లలకు మనం చేసే అన్యాయం.

ఏళ్ళ తరబడి సర్కారు ఫైళ్ళు చూసిన అనుభవంతో ఒక సంగతి చెబుతాము. ప్రతిభ లేక ఆగిపోయిన పిల్లలకంటే, ఒక కాగితం లేక ఆగిపోయినవారినే మేము ఎక్కువగా చూశాము. ఆధార్‌లో ఒక పేరు, పదో తరగతి మెమోలో మరొక పేరు ఉంటే ఇప్పుడే సరిచేయించండి. రాష్ట్రంలో బీసీ-ఈ అయినంత మాత్రాన కేంద్రంలో ఓబీసీ అని అనుకోవద్దు. కేంద్ర జాబితా వేరు. అందులో తమ వర్గం ఉన్నదో లేదో చూసుకోండి. లేనివారు అర్హత ఉంటే ఈడబ్ల్యూఎస్ పత్రం తీసుకోవాలి. గడువు రేపనగా ఎమ్మార్వో ఆఫీసుకు పరుగెత్తితే పని కాదు.

మస్జిద్ కమిటీల పెద్దలకు ఒక విన్నపం. ప్రతి ఊళ్ళో ఇద్దరు చదువుకున్న యువకులు ఈ ప్రకటనలను గమనించి, గడువులను మస్జిద్ బోర్డుపై రాయాలి. ఎంపికైన విద్యార్థి మొదటి నెల ఖర్చులకోసం చేతి బదులు ఇచ్చే చిన్న నిధి ఉండాలి; జకాత్ సొమ్ము అందుకు వాడదలిస్తే ఉలమాను సంప్రదించండి. తల్లులారా, రెండు నెలల శిక్షణకు ఆడపిల్లను మరో ఊరికి పంపాలంటే భయం సహజమే. వసతి ఎక్కడో కనుక్కోండి, మొదటిసారి వెంట వెళ్ళి చూసి రండి. అంతేగాని ఆ భయంతోనే దరఖాస్తును చించివేయవద్దు.

హైదరాబాదులోని మన పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిని అందరూ ఎం.ఎన్.జె. అంటారు. ఆ మూడక్షరాలు మెహదీ నవాజ్ జంగ్ అనే పేరువి. 1955లో ఏర్పడిన ఆ ఆసుపత్రికి నేటికీ అన్ని మతాల పేదలూ వస్తారు. పూర్వులు ఆసుపత్రి ఇచ్చి వెళ్ళారు. దాని వాకిట్లో వేచి ఉన్నవారు ఎందుకు ఇంత ఆలస్యంగా వచ్చారో తెలుసుకునే పని మనది.

మా బస్తీ దాదీ ఇప్పుడు లేదు. ఆమె మనుమరాలు ప్రజారోగ్యంలో పీజీ ప్రవేశ పరీక్షకు చదువుతున్నది. తన ప్రశ్నకు తానే జవాబు వెతుకుతానంటున్నది. ఇంకా ఎందరో పిల్లలు ఆమె వెంట నడవాలి. అల్లాహ్ వారి జ్ఞానంలో శుభం కలిగించుగాక, దానిని ప్రజలకు మేలు చేసే జ్ఞానంగా చేయుగాక. ఆమీన్.