వరి చేలో మనవాళ్ళెవరు, పగవాళ్ళెవరు?



ఈ పూట వరి చేలోని పురుగులను గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. పురుగులనగానే మందు పేరు చెబుతాననుకుని కాగితం, కలం తీసుకున్నవారు వాటిని పక్కన పెట్టండి. ముందుగా ఒక రైతు నన్నడిగిన ప్రశ్న వినండి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తరోజులవి. గోదావరి డెల్టాలో ఒక వూరు. సార్వా వరి అప్పుడే ఈనుతున్నది. ఒక పెద్దాయన నన్ను చేతిలో సంచి కూడా దింపుకోనీయకుండా చేలోకి తీసుకువెళ్ళారు. చేను నడిమధ్య కళ్ళమంత మేర పైరు సుడి తిరిగినట్లు ఎండి, పడిపోయి వున్నది. దుబ్బు మొదట్లో తడితే గోధుమరంగు దోమ ఊకలాగా రాలింది. సుడిదోమ!

“బాబూ, ఆకుముడత వచ్చిందంటే మీరు చెప్పిన మందే కొట్టాను. పదిహేను రోజులకి మళ్ళీ కొట్టాను. ఆ గట్టు అవతల మా తమ్ముడు చేతిలో డబ్బుల్లేక ఒక్కసారీ కొట్టలేదు. వాడి చేను పచ్చగా నిలిచింది, నాది కాలిపోయింది. ఎందుకంటారు?” అన్నారాయన.

నేను జవాబు చెప్పలేకపోయాను. మరింత మందు కొట్టమని మాత్రం చెప్పి వచ్చాను. అది పొరపాటు. జవాబు తరవాత తెలుసుకున్నాను. ఇప్పుడు మీకు మనవి చేస్తాను.

ఆడ సుడిదోమ ఒకటి సుమారు 200 గుడ్లు పెడుతుందనుకుందాం. గుడ్డు నుంచి మళ్ళీ గుడ్డు పెట్టే దోమ తయారు కావడానికి నెల రోజులకు లోపే. ఒక పైరుకాలంలో మూడు తరాలు వెళ్ళవచ్చు. ఇక లెక్క చూడండి. ఆ 200లో నూటికి 99 చస్తే మిగిలేవి రెండు. ఒకటి ఆడ, ఒకటి మగ. అంటే దోమ పెరగదు, తరగదు. నూటికి 95 చచ్చాయనుకోండి. చాలా చచ్చాయనే సంతోషిస్తాం. కాని మిగిలేవి పది, అందులో ఆడవి అయిదు. తరానికి అయిదు రెట్ల చొప్పున మూడు తరాలలో 125 రెట్లు! 99కీ 95కీ మధ్యనున్న ఆ నాలుగే పైరును నిలబెట్టేది, పడగొట్టేది.

మరి ఆ నాలుగింటినీ చంపేదెవరు? చేలోనే కాపురముండే సాలీళ్ళు, మిరిడ్ నల్లులు, అక్షింతల పురుగులు, తూనీగలు. గూడు కట్టకుండా నీటి మీద, దుబ్బుల మధ్య పరుగెత్తి వేటాడే సాలీడు ఒకటుంది. దానిని తోడేలు సాలీడంటారు. అది రోజుకు 5 నుంచి 15 పురుగులను తినగలదు. మిరిడ్ నల్లి పచ్చగా, సన్నగా వుంటుంది. చూసి దోమేననుకుని చాలామంది కంగారు పడతారు. నిజానికి అది దోమ గుడ్లలో ముక్కు గుచ్చి రసం పీల్చి చంపుతుంది.

ఇక మందు సంగతి. సుడిదోమ తన గుడ్లను ఆకుతొడుగును చీల్చి లోపల పెడుతుంది. పైన కొట్టిన మందు అక్కడికి సరిగా చేరదు. బయట తిరిగే సాలీడు, నల్లి మాత్రం మందులో పడి చస్తాయి. వారం పది రోజులకు గుడ్లు పగిలి పిల్ల దోమలు వస్తాయి. అప్పటికి చేలో కాపలాదారు ఒక్కడూ మిగలడు. పెద్దాయన చేలో జరిగింది ఇదే. దొంగ ఇంట్లో దాక్కుని వుంటే, వీధిలో కాపలావాళ్ళను కొట్టి పంపేశాం మనం!

ఇది నా ఊహ కాదు. పీటర్ కెన్‌మోర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1970ల చివరి సంవత్సరాలలో ఫిలిప్పీన్స్ దేశపు వరి చేలలో దోమలను, వాటి శత్రువులను లెక్కబెట్టాడు. మందు కొట్టని చేలలో దోమ అదుపులో వున్నది. మందు కొట్టిన చేలలో వందల రెట్లు పెరిగింది. ఆ ఫలితాలు 1984లో అచ్చయ్యాయి. ఇండోనీషియాలో సుడిదోమ మళ్ళీ మళ్ళీ విరుచుకుపడగా, 1986 నవంబరులో ఆ ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది. 1989లో రైతులను చేలోనే కూర్చోబెట్టి నేర్పే బడులు అక్కడ మొదలైనవి. మన వూళ్ళలో పొలంబడి అన్నది ఆ వరుసలోనిదే.

ఇంకొక ముచ్చట. చేలో దోమ రాకముందు సాలీడు ఏం తిని బతుకుతుంది? జావా ద్వీపంలో విలియం సెటిల్, ఆయన తోటివారు ఈ సంగతే పరిశీలించి 1996లో ప్రకటించారు. దమ్ము చేసిన చేలో ఎరువు, మొదళ్ళు కుళ్ళుతాయి. ఆ కుళ్ళును తిని, పైరుకు ఏ హానీ చేయని చిన్న చిన్న నీటి పురుగులు పుడతాయి. మనిషిని కుట్టని దోమలవంటివి కొన్ని వాటిలో వున్నవి. నాట్ల తరవాత తొలిరోజులలో సాలీళ్ళకు ఇవే తిండి. కనుక పశువుల ఎరువు వేసిన చేలో పైరుకు బలమే కాదు, కాపలాదారుకు చద్దన్నం కూడా దొరుకుతుంది. పైరు లేతగా వున్నప్పుడే మందు కొడితే ఈ తిండీ పోతుంది, తినేవాడూ పోతాడు.

అయితే మందు ముట్టుకోవద్దంటున్నానా? కాదు. లెక్క చూసి ముట్టుకోమంటున్నాను. వారానికొకసారి చేలోకి దిగండి. గట్టు మీద నుంచి చూస్తే సుడిదోమ కనిపించదు. నాలుగు మూలలా, నడుమా కొన్ని దుబ్బులను వంచి, మొదట్లో చేత్తో తట్టి, నీటి మీద పడినవాటిని లెక్కబెట్టండి. దోమతో పాటు సాలీళ్ళనూ, నల్లులనూ లెక్కబెట్టండి. పిలక దశలో దుబ్బుకు 10–15 దోమలు, ఈనిక దశ నుంచి 20–25 దాటితే అప్పుడు మందు మాట. అదైనా మీ విస్తరణాధికారినడిగి సుడిదోమకు తగినదే తీసుకుని, దుబ్బు మొదళ్ళు తడిసేలా కొట్టాలి. సింథటిక్ పైరెత్రాయిడ్ జాతి మందులు వరిలో వద్దు. వాటి తరవాత సుడిదోమ రెచ్చిపోతుంది.

దోమ రాకముందే చేయవలసినవి మూడు. నాటేటప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదలండి. గాలీ వెలుతురూ మొదళ్ళకు తగులుతాయి. యూరియా ఒక్కసారే గుమ్మరించక, మోతాదు మించకుండా దఫాలుగా వేయండి. మరీ పచ్చగా మెత్తబడిన పైరు దోమకు విందు. దోమ కనిపించగానే నీరు తీసి చేను ఆరగట్టండి. దోమను తట్టుకునే రకాలు కూడా వున్నవి. మీ ప్రాంతానికి ఏది తగునో విచారించండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. రైతు పురుగు పట్టుకువచ్చి చూపితే మందు చీటీ రాసే ముందు ఆయనతో చేలోకి నడవండి. ఆ రోజున నేను అలా నడిచి, దుబ్బులు తట్టి చూసివుంటే ఒక కుటుంబం పంట మిగిలేది.

మరుసటేడు ఆ పెద్దాయన నాకు మళ్ళీ కనిపించారు. “ఈసారి సాలీళ్ళు బాగా వున్నాయి బాబూ, మందు డబ్బా అటక మీదే వుంది” అన్నారు. నాకు ఆ మాట చాలనిపించింది.

మీ చేలో ఎన్ని సాలీళ్ళున్నవో రేపు ఉదయం చూసి రండి. సెలవు.