ఐరిష్ బడి మాటలు – మన ఉన్నత పాఠశాల జ్ఞాపకములు
(సంఘ సాహిత్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



దస్త్రముల నడుమ దినము గడపువాడు ఐర్లండు భాషను గూర్చి మాటలాడుట ఏమని కొందరికి తోచవచ్చును. ఒక ఆంగ్ల పదమునకు దేశభాషలో సమానపదము వెదకుట మన కార్యాలయములలో నిత్యకృత్యమే గదా! అట్టి వెదకులాటలోనే ఐర్లండువారి బడి మాటలు నా కంటబడినవి. చూచుటకు చిన్న విషయమే. కాని ఒక జాతి తన భాషను చేజార్చుకొని, మరల పట్టుకొనుటకు పడిన పాటు ఆ నాలుగు మాటలలో ఇమిడియున్నది.

ఆ భాషలో బడిని 'స్కెల్' అందురు. ఇది లాటిను నుండి క్రైస్తవ మఠములతో పాటు వచ్చి, వేయేండ్లకు పైగా వాడుకలో నలిగి, సొంత మాటయే అయినది. మనము ఆంగ్లము నుండి తెచ్చుకొన్న 'స్కూలు'కును మూలము అదియే. ప్రాథమిక పాఠశాల 'బున్‌స్కెల్'. 'బున్' అనగా అడుగు, మొదలు, పునాది. మాధ్యమిక పాఠశాల 'మ్యాన్‌స్కెల్'. 'మ్యాన్' అనగా నడుమ. అధికార పత్రములలో 'ఇఅర్‌వున్‌స్కెల్' అను మాటయు కలదు. 'ఇఅర్' అనగా తరువాత. వృత్తివిద్య నేర్పు బడి 'గారిమ్‌స్కెల్'. 'గారిమ్' అనగా పిలుపు, వృత్తి. పసిపిల్లల బడి 'నీన్‌ర'. అందు శిశువను మాట దాగియున్నది. విశ్వవిద్యాలయము 'ఒల్‌స్కెల్', అనగా మహాపాఠశాల. అచటి ఆచార్యుని 'ఒలవ్' అందురు. పూర్వ మా దేశమున అగ్రశ్రేణి కవిపండితునికి ఉండిన బిరుదే అది. మన 'ఆచార్య' శబ్దము వలెనే ఆ పాత మాట కొత్త కొలువునకు చక్కగా కుదిరినది.

ఈ పదముల వెనుక ఒక కష్టచరిత్ర కలదు. 18వ శతాబ్దమున కాథలిక్కులు బడులు నడపరాదని చట్టములు నిషేధింపగా, ఉపాధ్యాయులు పొలముల కంచెల చాటున, కొట్టములలో చదువు చెప్పిరి. వానికి 'స్కెల్ ఖొష్ క్లీ', అనగా గట్టు పక్క బడి, అని పేరు. 1831లో ప్రభుత్వము జాతీయ పాఠశాలల వ్యవస్థను స్థాపించెను. బోధన మాత్రము ఆంగ్లమున. ఆ శతాబ్దమున కొన్ని ప్రాంతములలో పిల్లవాని మెడకు 'బాటా స్కోర్' అను కర్ర కట్టి, ఐరిష్ మాట నోట వెలువడినపుడెల్ల దానిపై ఒక గాటు పెట్టెడివారు. గాట్లను లెక్కించి దండించెడివారు. బిడ్డ బాగుపడవలెనన్న ఆశతో తల్లిదండ్రులే ఇందుకు సమ్మతించిరనుట మిక్కిలి విచారకరము.

1922లో స్వతంత్ర రాజ్యమేర్పడిన పిదప వారు భాషను బడిలోనే బ్రతికింపదలచిరి. 1937 రాజ్యాంగము ఐరిష్‌ను ప్రథమ అధికార భాషగా ప్రకటించెను. 1934 మొదలు 1973 వరకు ఐరిష్‌లో ఉత్తీర్ణుడు కానివానికి మాధ్యమిక విద్యాంత పరీక్ష, వారి మాటలో 'ఆర్డ్‌టెష్ట్', దక్కెడిది కాదు. పేగ్ సేయర్స్ అను దీవివాసిని చెప్పగా వ్రాసుకొనిన ఆత్మకథ 1936లో వెలువడి, దశాబ్దములపాటు పాఠ్యగ్రంథమై నిలిచెను. ఆ గ్రంథపు పేరు వినిననే తరగతి గదిలోని విసుగు జ్ఞప్తికి వచ్చువారు నేటికిని అచట పెక్కురు. 2022 జనాభా లెక్కలలో సుమారు 18 లక్షల 70 వేలమంది ఐరిష్ వచ్చునని చెప్పిరి. విద్యాసంస్థల వెలుపల ప్రతిదినము మాటలాడువారు సుమారు 72 వేలు మాత్రమే. పరీక్షకు పట్టుబడిన భాష పెరటిలోనికి రాలేదు.

మన సంగతి చూతము. మా ఊరిలో చిన్నబడి, పెద్దబడి అనెడివారు. ఈ మాటలకు అర్థము చెప్పవలసిన పనిలేదు. గోడమీద మాత్రము 'ప్రాథమిక పాఠశాల', 'ఉన్నత పాఠశాల' అని ఉండెడిది. ఆ ఉన్నత పాఠశాలలో మా విజ్ఞానశాస్త్రపు మాస్టారు 'కిరణజన్య సంయోగక్రియ' అను మాటను నల్లబల్లపై మూడు ముక్కలుగా విడదీసి వ్రాసిరి. కిరణములవలన పుట్టు కలయిక అని తెలిసినంతనే పాఠము సగము వచ్చినట్లాయెను. జూనియర్ కళాశాలలో ఆంగ్ల మాధ్యమమున చేరినపుడు, తెలిసిన విషయమునకే తెలియని పేరు విని కొన్ని నెలలు మూగవోయితిని. ఇక్కడ కూర్చున్నవారిలో ఆ మౌనము నెరిగినవారు పలువురుందురు.

ఐర్లండుతో మన బాంధవ్యము నేటిది కాదు. వరాహగిరి వెంకటగిరిగారు 1913లో న్యాయశాస్త్రము చదువుటకు డబ్లిను వెళ్లి, 1916లో ఆ దేశము విడువవలసి వచ్చెను. 1969లో మన రాష్ట్రపతి యైరి. మదనపల్లె కళాశాలలో ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ ఉన్నపుడే, 1919లో రవీంద్రుడచట విడిసి 'జనగణమన'ను ఆంగ్లమున ననువదించెను. శ్రీమతి మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి కూర్చుటలో తోడ్పడెను. మన రాజ్యాంగమందలి ఆదేశిక సూత్రములకు ఐర్లండు రాజ్యాంగమే ఒరవడి. ఇన్ని తెచ్చుకొన్న మనము వారి భాషానుభవమును గూడ తెచ్చుకొనరాదా?

ఆ అనుభవమునందు ఒక ఆశ కలదు. 1970 దశకము నుండి పట్టణములలో తల్లిదండ్రులే పూనుకొని 'గేల్‌స్కెల్' అను ఐరిష్ మాధ్యమపు బడులను పెంచిరి. అందు భాష ఒక పాఠ్యాంశము మాత్రమే కాదు. లెక్కలు, ఆటలు, అల్లరి అన్నియు ఆ భాషలోనే. బిడ్డకు భాష నేర్పుటకన్న, భాషతో మరియొకటి నేర్పుట మేలని వారు గ్రహించిరి.

రాజధానిలో పెరుగు మన పిల్లలు తెలుగు వినుచున్నారు, హిందీలో బదులు చెప్పుచున్నారు. వారికి అక్షరములు దిద్దించు ఆదివారపు తరగతి మంచిదే. కాని అది చాలదు. ఆ గంటలో చదరంగము గాని, బొమ్మలు చేయుట గాని, పులిహోర కలుపుట గాని తెలుగున నేర్పుదము. పని నేర్చుకొను తొందరలో మాట తనంత తాను వచ్చును. ఈ సంవత్సరము సంఘము ఇట్టి తరగతి నొకదానిని ఆరంభింపవలెనని ప్రతిపాదించుచున్నాను. వారమున కొక గంట నేను వచ్చెదను. మరి నలుగురు పెద్దలు ముందునకు రావలెనని ప్రార్థించుచున్నాను.