పేరు అమ్మకం కాదు, అద్దె
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘ భవనంలోని హాలుకు మరమ్మతులు చేయిస్తామని, బదులుగా దానికి తమ పేరు పెట్టాలని ఒక కంపెనీవారు కోరిన విషయం మీకు తెలిసిందే. దీనిపై నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. ముప్పై యేళ్ళు అకౌంట్సులో పనిచేసినవాణ్ణి కనుక లెక్కలోంచే చెబుతాను.

అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో హోటళ్ళపైన, అద్దె కార్లపైన వేసిన పన్నుల సాయంతో ఒక బేస్‌బాల్ స్టేడియం కట్టారు. 1999లో ఎన్రాన్ కంపెనీ ముప్పై యేళ్ళకు సుమారు 10 కోట్ల డాలర్లు ఇస్తానని ఒప్పుకుని దానికి తన పేరు పెట్టించుకుంది. దభోల్ విద్యుత్ కేంద్రం పుణ్యమా అని ఆ ఎన్రాన్ మనకూ పరిచయమే. 2000లో స్టేడియం తెరిచారు. 2001 డిసెంబరులో కంపెనీ దివాలా తీసింది. ఆ పేరు గుమ్మం మీద ఉంచుకోలేక, 2002లో ఆటజట్టు యాజమాన్యమే 21 లక్షల డాలర్లు ఎదురిచ్చి హక్కును వెనక్కు తీసుకుంది. అదే ఏడాది మరో కంపెనీ పేరుతో మినిట్ మెయిడ్ పార్క్ అయింది. 2025 నుంచి డైకిన్ పార్క్.

అంత దూరం ఎందుకు? మన ఉప్పల్ క్రికెట్ స్టేడియం పేరు హక్కును టెండరులో ఆరున్నర కోట్లకు విశాక ఇండస్ట్రీస్ వారు పొందారు. 2005 నవంబరులో అక్కడ తొలి అంతర్జాతీయ వన్డే జరిగేనాటికి అది రాజీవ్ గాంధీ స్టేడియం. ఆ వివాదం కోర్టుల దాకా వెళ్ళింది. జనం మాత్రం ఆటోవాడితో నేటికీ "ఉప్పల్ స్టేడియం" అనే అంటారు.

దీన్నిబట్టి నాకు తెలిసింది ఒక్కటే. దాత పేరు శాశ్వతంగా ఉంటుంది. ప్రకటనదారు పేరు గడువున్నంతకాలమే. కంపెనీవారు కోరుతున్నది రెండవది. కనుక దాన్ని అద్దె ఒప్పందంగానే రాసుకోవాలి.

నా సూచనలు నాలుగు. ఒకటి, గడువు ఐదేళ్ళకు మించరాదు. రెండు, హాలు అసలు పేరు పైన, కంపెనీ పేరు "సౌజన్యం" అని కింద ఉండాలి. మూడు, కంపెనీ అపఖ్యాతి పాలైతే మనం పైసా చెల్లించకుండా బోర్డు తీసే హక్కు ఉండాలి. నాలుగు, వచ్చిన సొమ్ము వేరే ఖాతాలో వేసి, ఏటా ఆడిట్‌లో సభ్యులకు చూపాలి.

వద్దనడం నా ఉద్దేశం కాదు. వర్షం వస్తే హాల్లో బకెట్లు పెట్టుకుంటున్న మాట నిజం. కాని ఈ హాలు మన సభ్యులు ఒక్కొక్కరు నెల పెన్షన్‌లోంచి ఇచ్చిన చందాలతో లేచింది. వారిలో చాలామంది నేడు మన మధ్య లేరు. వారి పేర్లు ఏ గోడమీదా రాసుకోలేదు. ఆ మాట మనసులో ఉంచుకుని మీరంతా వోటు వేయగలరని కోరుతున్నాను.